లాస్ వేగాస్ నుంచి గ్రాండ్ కాన్యన్ బస్సు టూరు: పెద్దవాళ్లు తట్టుకోగలరా?

ప్రశ్న: అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చారు. నాన్నకి మోకాళ్ల నొప్పులు. నాకు అంత దూరం డ్రైవ్ చేసే ఓపిక లేదు. బస్సులో గ్రాండ్ కాన్యన్ లోయ దక్షిణపు అంచు సౌత్ రిమ్‌కి వెళ్లమంటారా, పడమటి అంచు వెస్ట్ రిమ్‌కా?

జవాబు 1: బాబూ, నేనూ మా అబ్బాయి దగ్గరికి వచ్చిన తల్లినే, రిటైరైన లెక్కల టీచర్ని. సౌత్ రిమ్‌కే వెళ్లాం. ఒకవైపే దాదాపు 450 కిలోమీటర్లు. చీకటితో ఎక్కితే రాత్రికి దిగాం, లోయ దగ్గర గడిపింది మూడు గంటలే. అయినా లోయంతా కనిపించే మేథర్ పాయింట్ దగ్గర నిలబడ్డాక మావారు కూడా నోరు మెదపలేదు! అక్కడ దారంతా చదునే, మోకాళ్లకి భయం లేదు. ఎత్తు మాత్రం 2,100 మీటర్లు, వేగాస్‌లో ఎండ మండుతోందని స్వెట్టర్ వదిలేయకండి. మీ నాన్నగారికి నడవ పక్క సీటు తీసుకోండి, కాళ్లు చాపుకోవచ్చు. గైడు మైకులో ఆపకుండా మాట్లాడతాడు, సగం జోకులు నాకు అర్థం కాలేదు, నష్టమేం లేదు.

జవాబు 2: వెస్ట్ రిమ్ దూరం సగం కన్నా తక్కువ. అది నేషనల్ పార్కు కాదు, హువాలపాయ్ అనే అమెరికా ఆదివాసీ తెగవారి భూమి. 2007లో తెరిచిన గాజు వంతెన అక్కడిదే.

ప్రశ్న అడిగినవారు: సౌత్ రిమ్‌కే ఖాయం చేశానండీ. బస్సులో పులిహోర తినొచ్చా?

జవాబు 1: మేం తిన్నాం. ఇంగువ కాస్త తగ్గించమనండి మీ అమ్మగారిని.