కాంప్లెక్స్ దగ్గర రోడ్డున పడ్డ మాజీ నేవీ పెద్దాయన: ఏ ఆఫీసుతో మొదలుపెట్టాలి?

సేవా_వైజాగ్:
విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ బయట పడుకుంటున్న ఒక పెద్దాయన నేవీలో చేశానంటున్నారు. వయసు 68. పింఛను రావట్లేదట. డిశ్చార్జి కాగితాలు పోయాయి. ఆధార్ ఉంది కానీ చిరునామా పాత అద్దింటిది. బ్యాంకు ఖాతా వాడక ఆగిపోయింది. సర్వీసు నంబరు మాత్రం తడుముకోకుండా చెబుతారు. మాజీ సైనికులకు ఇల్లిచ్చే పథకం ఉందా? ముందు ఎక్కడికి తీసుకెళ్లాలి?

ఉత్తరాంధ్ర_సంక్షేమం:
జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్తే ఈ రాత్రికే పడక దొరుకుతుందనుకోకండి. అక్కడ దొరికేవి గుర్తింపు, సాయానికి సిఫారసు. తల మీద కప్పు జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) చేతిలో ఉంటుంది. అక్కడి యూసీడీ (పట్టణ సామాజిక అభివృద్ధి) విభాగాన్ని అడిగి నిరాశ్రయుల వసతి గృహంలో చేర్పించండి. కదల్లేని స్థితిలో ఉంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయండి.

వసతి గృహం పడక కోసమే కాదు. అక్కడి నిర్వాహకుల చేత ఉడాయ్ (ఆధార్ ఇచ్చే సంస్థ) నమూనాలో ధ్రువపత్రం రాయించుకుంటే ఆధార్‌లో చిరునామా మార్చుకోవచ్చు. ఫోటో మీద సంతకం, ముద్ర సగం పడాలి. పత్రం తేదీ నుంచి మూడు నెలలే చెల్లుతుంది. మామూలు లెటర్‌హెడ్ మీద రాసిస్తే ఆధార్ కేంద్రంలో తిప్పి పంపేస్తారు. ఆ ఆధార్‌తోనే బ్యాంకులో కేవైసీ చేయించండి. ఆగిన ఖాతాను తిరిగి తెరవడానికి రుసుము తీసుకోకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఖాతా లేకుండా మాజీ సైనికుల సాయం చేతికి రాదు, కాబట్టి దీన్ని వెనక్కి నెట్టకండి.

రికార్డ్స్_సెక్షన్:
సర్వీసు నంబరు గుర్తుండడం పెద్ద అదృష్టం. చివర ఉండే ఇంగ్లిషు అక్షరంతో సహా రాసుకోండి. చేరిన ఏడాది, చివరి ఓడ లేదా యూనిట్, తండ్రి పేరు కూడా రాయించండి. కాగితాలు పోయినట్టు పోలీసు రిపోర్టు తీసుకోండి, నోటరీ అఫిడవిట్ జతచేయండి. దరఖాస్తు సైనిక సంక్షేమ అధికారి ద్వారా వెళ్తే మేలు. నావికుల రికార్డులు ముంబై మాన్‌ఖుర్ద్, చీతా క్యాంపులోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్‌లో ఉంటాయి. వాయుసేనవాళ్లవి ఢిల్లీ సుబ్రతో పార్కులో. ఆర్మీ అయితే ఏ రెజిమెంటుకు ఆ రికార్డు ఆఫీసే.

మనవాళ్లకు ఎక్కువగా అడ్డుపడేది పేరు. సర్వీసులో ఇంటిపేరు పూర్తిగా రాసి ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది. రెండూ ఒకరివేనని అదే అఫిడవిట్‌లో రాయించేయండి. లేదంటే ఫైలు ముంబై వెళ్లి మళ్లీ ఇక్కడికే వస్తుంది.

ఇంకో మాట, ఎందుకు బయటికొచ్చారో నెమ్మదిగా అడగండి. పింఛను లేకపోయినా ఒప్పందకాలం పూర్తిచేసి గ్రాట్యుటీతో వచ్చినవారు మాజీ సైనికులే. కాలం తీరకుండా సొంత కోరిక మీద వచ్చేసినా, క్రమశిక్షణ కారణంగా తీసేసినా సాధారణంగా ఆ నిర్వచనంలోకి రారు. అది ముందే తెలిస్తే పెద్దాయనకు లేనిపోని ఆశ పెట్టినట్టు కాదు.

స్పర్శ్_సాయం:
‘పింఛను రావట్లేదు’ అంటే అసలు లేదనా, వస్తూ వస్తూ ఆగిందనా? 15 ఏళ్లు చేసి ఉంటే పింఛను ఉండాలి. బతికే ఉన్నట్టు ఏటా జీవన ప్రమాణ పత్రం ఇవ్వకపోతే చెల్లింపు ఆగుతుంది, పత్రం ఇచ్చాక బకాయిలతో సహా మొదలవుతుంది. వేలిముద్ర అరిగిపోయినవారికి ఫోన్‌లో ముఖం చూపించే పద్ధతి బాగా పనిచేస్తుంది. అందులో మంజూరు అధికారి దగ్గర నేవీ అయితే ముంబై పీసీడీఏ నేవీ (నేవీ పింఛను మంజూరు చేసే ఖాతాల కార్యాలయం), చెల్లించే సంస్థ దగ్గర స్పర్శ్ (రక్షణ శాఖ పింఛన్ల ఆన్‌లైన్ వ్యవస్థ) ఎంచుకోవాలి. పాత అలవాటుతో చెల్లించే సంస్థగా బ్యాంకును ఎంచుకుంటే పత్రం స్పర్శ్‌కు చేరదు. సర్వీసు పింఛను ఖాయమైతే ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) వైద్యం కూడా అడగండి.

సేవా_వైజాగ్:
అడిగాను. మొదటి నుంచీ పింఛను లేదట. ఒప్పందకాలం పూర్తయ్యాకే వచ్చానంటున్నారు, హోదా లీడింగ్ సీమన్.

ఉత్తరాంధ్ర_సంక్షేమం:
అయితే మీరు చూడాల్సింది కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే పెన్యూరీ గ్రాంటు, అంటే పేదరిక సాయం. పింఛను, స్థిరమైన ఆదాయం లేని 65 ఏళ్లు దాటినవారికి, హవల్దార్ సమాన హోదా వరకు ఇస్తారు. నేవీలో అది పెట్టీ ఆఫీసర్, కాబట్టి ఈయన హోదా సరిపోతుంది. 2025 నవంబరు 1 నుంచి పెట్టిన దరఖాస్తులకు నెలకు రూ.4,000 బదులు రూ.8,000. దరఖాస్తు బోర్డు వెబ్‌సైట్‌లోనే, కానీ ముందు మాజీ సైనికుడిగా గుర్తింపు కార్డు ఉండాలి. జిల్లా అధికారి విచారించి సిఫారసు చేస్తారు, అక్కడి నుంచి రాష్ట్రం, ఢిల్లీ. ఎన్టీఆర్ భరోసా (రాష్ట్ర సామాజిక పింఛను) వస్తుంటే దరఖాస్తులో దాచొద్దు. వేరే జిల్లాలో పేరు నమోదై ఉంటే ముందు ఆ సంగతి ఇక్కడి ఆఫీసులో చెప్పండి.

రికార్డ్స్_సెక్షన్:
ఆయన గురించి నలుగురికీ తెలిసేసరికి ‘మాజీ సైనికుల కోటాలో భూమి ఇప్పిస్తాం’ అంటూ బ్రోకర్లు వస్తారు. విశాఖ చుట్టూ ఈ భూముల ఎన్ఓసీ (నిరభ్యంతర పత్రం) గొడవలు ఎంత ఉన్నాయో తెలిసిందే. ఖాళీ స్టాంపు పేపరు మీద, జీపీఏ (ఆస్తి వ్యవహారాలు వేరొకరికి అప్పగించే అధికార పత్రం) మీద ఆయన చేత సంతకం పెట్టనివ్వకండి. ఒరిజినల్ కాగితాలు ఎవరికీ ఇవ్వొద్దు. పిల్లలు ఆస్తి రాయించుకుని వదిలేశారని తేలితే 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. పోషిస్తామన్న షరతుతో రాయించుకున్న దస్తావేజును సెక్షన్ 23 కింద రద్దు చేయమని అడగొచ్చు. దీనికి జిల్లా న్యాయసేవాధికార సంస్థ లాయర్ని ఉచితంగా ఇస్తుంది.