మూడు నోడ్లూ (సర్వర్లు) సమానం చేద్దామని స్క్రిప్ట్ రాస్తే ఒక నోడ్ ఖాళీ చేసి పారేసింది

సుడిగాలి:
అన్నలూ కాస్త చూడండి, మధ్యాహ్నం రెండింటికి కూర్చున్నా, ఇప్పుడు తొమ్మిదైంది, బుర్ర పనిచెయ్యట్లేదు. మూడు నోడ్ల ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్, అంటే వర్చువల్ మెషీన్లు (వీఎమ్‌లు) నడిపే సర్వర్ల గుంపు, చేత్తో వీఎమ్‌లు మార్చి మార్చి విసుగొచ్చి క్రాన్‌లో (టైమ్‌కి దానంతటదే నడిచేలా) ఒక స్క్రిప్ట్ పెట్టా. అయిదు నిమిషాలకోసారి ఏ నోడ్‌లో ర్యామ్ ఎక్కువ నిండిందో చూసి, అందులోంచి అన్నిటికన్నా చిన్న వీఎమ్ తీసి, తక్కువ నిండినదానికి లైవ్ మైగ్రేట్ చేస్తుంది (ఆపకుండానే మారుస్తుంది), అంతే, నలభై లైన్లు. నిన్నటిదాకా నోడ్‌కి ఎనిమిదీ తొమ్మిదీ వీఎమ్‌ల చొప్పున ఉండేవి. ఇప్పుడు ఒకటో నోడ్‌లో రెండే రెండు మిగిలాయి, మిగతా 23 రెండో, మూడో నోడ్ల మీద పడి మూలుగుతున్నాయి. గ్రాఫ్‌లో చూస్తే మాత్రం మూడింట్లోనూ ర్యామ్ 58, 59 శాతం! పైగా 117 అని ఒక వీఎమ్ ఒకటికీ రెండుకీ మధ్య షటిల్ బస్సులా తిరుగుతూనే ఉంది. స్క్రిప్ట్ లెక్కలడిగే ఏపీఐ తప్పు లెక్క ఇస్తోందా ఏంటి?

రూట్‌యూజర్:
వెర్షన్? స్టోరేజ్? లాగ్?

కెర్నల్‌మామ:
ఇవన్నీ తర్వాత, ముందు ఒకటి చెప్పు తమ్ముడూ, మైగ్రేషన్ ఏ నెట్‌వర్క్ మీద పోతోంది? అయిదు నిమిషాలకోసారి గిగాబైట్లు తోస్తున్నావ్, అదే తీగ మీద కోరోసింక్ (నోడ్లు ఒకదాన్నొకటి పలకరించుకునేది) కూడా ఉంటే ఏమవుతుందో తెలుసా? కోరోసింక్‌కి బ్యాండ్‌విడ్త్ అక్కర్లేదు, ఆలస్యం మాత్రం భరించదు. లింక్ నిండిపోయి ప్యాకెట్లు లేటైతే నోడ్ కోరం (మెజారిటీ నోడ్లతో సంబంధం) పోగొట్టుకుంటుంది, దాని మీద హెచ్‌ఏ వీఎమ్‌లు (నోడ్ పడిపోతే వేరేచోట లేపాల్సినవి) గనక ఉంటే ఓ నిమిషం చూసి వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్ నోడ్‌నే రీసెట్ కొట్టేస్తుంది. బ్యాలెన్స్ చెయ్యబోయి నోడ్ చంపుకున్నవాళ్లని చూశా నేను. డేటాసెంటర్ ఆప్షన్లలో మైగ్రేషన్ నెట్‌వర్క్ అని విడిగా ఉంటుంది, ముందు అది పెట్టు.

సుడిగాలి:
మామా నా నోడ్లేం పడిపోలేదు, నా బాధ వేరే. వెర్షన్ 8.2. వీఎమ్ డిస్కులన్నీ షేర్డ్ ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ స్టోరేజ్) మీదే. లాగ్‌లో అన్నీ ఓకే అనే ఉంది, ఒక్క 104 అనే వీఎమ్ తప్ప.

వెన్నెల22:
ప్రాక్స్‌మాక్స్‌లోనే షెడ్యూలర్ ఉందిగా, 7.3 నుంచి, స్క్రిప్ట్ ఎందుకు?

రూట్‌యూజర్:
8.2లో అది హెచ్‌ఏ వీఎమ్‌ని స్టార్ట్ చేసేటప్పుడో, నోడ్ పడిపోతేనో ఎక్కడ పెట్టాలో చూస్తుంది. నడుస్తున్నవాటిని కదపదు.

పాతకాపు:
డీఆర్‌ఎస్ (వీఎమ్‌వేర్‌లో వీఎమ్‌లని దానంతటదే సర్దేది) మీద పన్నెండేళ్లు చేశాను కాబట్టి చెబుతున్నా, మీరంతా బ్యాలెన్స్ అనే మాటనే తప్పుగా వాడుతున్నారు. నోడ్లు సమానంగా నిండడం బ్యాలెన్స్ కాదండీ, ప్రతి వీఎమ్‌కీ అడిగింది దొరకడం బ్యాలెన్స్. వీఎమ్‌వేర్ వాళ్లు కూడా మొదట్లో హోస్టుల మధ్య తేడానే కొలిచేవాళ్లు, 2020లో వాళ్ల వీస్పియర్ 7 వచ్చాక వీఎమ్ స్కోరు లెక్కకి మారారు, డీఆర్‌ఎస్ అయిదు నిమిషాలకోసారి చూసేది నిమిషానికోసారి చూడ్డం మొదలెట్టింది. అయినా చూసిన ప్రతిసారీ కదిలించదు, కదిలిస్తే లాభం ఎంత ఖర్చు ఎంత అని లెక్కేస్తుంది. ఎంత దూకుడుగా ఉండాలో ఒకటి నుంచి అయిదు దాకా మనమే పెట్టుకోవచ్చు, మామూలుగా మూడు మీద ఉంటుంది.

వెన్నెల22:
సార్ ఆయనకి డీఆర్‌ఎస్ లేదు కదా. ఇంకోటి, ఇది లోడ్ బ్యాలెన్సింగే కాదు, ర్యామ్ నిండడాన్ని నేనైతే లోడ్ అనను, నా లెక్కలో లోడ్ అంటే సీపీయూ కోసం ఉండే క్యూ.

పాతకాపు:
లోడ్ అనలేదు నేను, పైన మళ్లీ చదవండి.

రూట్‌యూజర్:
సుడిగాలీ, ఒకటో నోడ్‌లో మిగిలిన రెండిటికీ ర్యామ్ ఎంతిచ్చావ్, నోడ్‌లో మొత్తం ఎంత?

సుడిగాలి:
చెరో 4 జీబీ. నోడ్లు మూడూ 128.

రూట్‌యూజర్:
128లో 59 శాతం అంటే 76 జీబీ. వీఎమ్‌లకి 8 పోతే మిగతా 68 ఎవరు తింటున్నారు? ఆ నోడ్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ ఉందా?

సుడిగాలి:
వీఎమ్‌లకి లేదన్నాగా. బ్యాకప్‌లకని నాలుగు డిస్కులతో ఒక జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్ చేశా, అది ఒకటో నోడ్‌లోనే ఉంది, దానికీ దీనికీ సంబంధం ఏంటి?

రూట్‌యూజర్:
అదీ సంగతి. మొదట్లోనే చెప్పుంటే ఇంత గోల ఉండేది కాదు. జెడ్‌ఎఫ్‌ఎస్ తన క్యాష్ కోసం, ఆర్క్ అంటారు దాన్ని, నీ వెర్షన్‌లో మామూలుగా సగం ర్యామ్ దాకా పట్టుకుంటుంది, నీ దగ్గర 64. రూట్ డిస్కే జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే 8.1 నుంచి ఇన్‌స్టాలరే 10 శాతానికి కట్టేస్తుంది, నువ్వు తర్వాత చేత్తో చేసిన పూల్ కాబట్టి ఆ కట్టడి లేదు. ప్రాక్స్‌మాక్స్ ఆ 64నీ వాడేసినట్టే చూపిస్తుంది. కాబట్టి నీ స్క్రిప్ట్ ఎన్ని వీఎమ్‌లు తరిమినా ఒకటో నోడ్ నిండుగానే కనిపిస్తుంది. ఆర్క్ అవసరమైతే తిరిగిచ్చేస్తుంది కానీ పక్కన 50 జీబీ ఖాళీ ఉండగా ఎందుకిస్తుంది?

117 సంగతి ఇంకా తేలిక. ఒకటికీ రెండుకీ తేడా ఒకటీ ఒకటిన్నర శాతం. 4 జీబీ వీఎమ్ జరిపితే ఇక్కడ 3 తగ్గి అక్కడ 3 పెరుగుతుంది, తేడా తిరగబడుతుంది, అయిదు నిమిషాలయ్యాక మళ్లీ వెనక్కి. కనీసం 10 శాతం తేడా ఉంటేనే కదుపు, ఒకసారి కదిలినదాన్ని గంటదాకా ముట్టుకోకు.

వెన్నెల22:
క్యాష్‌ని వాడిన ర్యామ్ అనడమే తప్పు, అది ఖాళీ కిందే లెక్క.

పాతకాపు:
లినక్స్ మామూలు పేజ్ క్యాష్ అయితే మీరన్నది నిజం, ఆర్క్ వేరు, అది అడగ్గానే వదలదు, ఈలోపు వీఎమ్‌ని ఓఓఎమ్ కిల్లర్ (ర్యామ్ చాలనప్పుడు ప్రాసెస్‌లని చంపేది) లేపేస్తుంది.

వెన్నెల22:
అలా జరగడం నేనైతే చూళ్లేదు.

నిశాచరుడు:
ప్రాక్స్‌ఎల్‌బీ వాడు, ప్రాక్స్‌మాక్స్‌లో వీఎమ్‌లు సర్దే టూల్ అది. వీఎమ్‌కి కేటాయించిన ర్యామ్ లెక్కన సర్దే మోడ్ కూడా ఉంది దాంట్లో. అదే పని మళ్లీ చెయ్యడం దేనికి.

సుడిగాలి:
ఆర్క్ గరిష్ఠం 8 జీబీ పెట్టా, వెంటనే దిగలేదు, క్యాష్ డ్రాప్ చేస్తే దిగింది. గంటలో వీఎమ్‌లు ఒక్కొక్కటే ఇంటికొస్తున్నాయి. 10 శాతం షరతు కూడా పెట్టా, 117 కుదురుగా కూర్చుంది. 104 మాత్రం ఇంకా కదలట్లేదు, లోకల్ సీడీరామ్ ఇమేజ్ అని ఏదో అంటోంది.

రూట్‌యూజర్:
ఇన్‌స్టాల్ చేసిన ఐఎస్‌ఓ (సీడీ ఫైల్) ఇంకా తగిలించే ఉంచావ్. తీసెయ్.

సుడిగాలి:
ఛ. రెండేళ్ల నుంచీ ఉంది అది. థాంక్స్, ఇక పడుకుంటా.

కెర్నల్‌మామ:
ఇంతకీ కోరోసింక్ వేరే తీగ మీద పెట్టావా లేదా?