పాత మారుతి 800 ముందుభాగం దెబ్బతింది: ఇంటి దగ్గర ఎంతవరకు బాగుచేసుకోవచ్చు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా ఇంట్లో 2006 నాటి మారుతి 800 ఉంది. పోయిన వారం రాత్రివేళ, వెనుక దీపాలు లేకుండా రోడ్డు మీద నిలిపి ఉంచిన ట్రాక్టరు ట్రాలీకి కారు ఎడమ ముందు మూల తగిలింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు. ఎడమ ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) లోపలికి ముడుచుకుంది, బానెట్ మధ్యలో లేచింది, హెడ్‌లైట్ పగిలింది, బంపర్ వేలాడుతోంది, రేడియేటర్ కింద తడి కనిపిస్తోంది. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంది. షెడ్డువాళ్లు చెప్పిన ఖర్చు, ఈ బండి అమ్మితే వచ్చే ధరలో సగం దాటింది. పానాల సెట్టు, జాకీ ఉన్నాయి, మోటారు పంపులు విప్పి బిగించే అలవాటు కూడా ఉంది. దేనితో మొదలుపెట్టాలో పెద్దలు చెప్పగలరు.

సమాధానం

నమస్కారమండీ. ముందుగా ఇంజిన్ స్టార్ట్ చేయడం పూర్తిగా మానండి. ఈ బండి ఇంజిన్ హెడ్ అల్యూమినియంతో చేసినది కాబట్టి, నీళ్లు లేకుండా కాసేపు తిరిగినా హెడ్ వంకర పోయి, గాస్కెట్ కాలి, ఇప్పటి ఖర్చుకు మరో ఖర్చు తోడవుతుంది. తరువాత బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. పగిలిన హెడ్‌లైట్ దగ్గర నలిగిన వైర్లు షార్ట్ కావడానికి ఎంతో సేపు పట్టదు.

సుత్తి పట్టుకునే ముందు టేపు పట్టుకోవాలి. మారుతి 800కు లారీలా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే మొత్తం బరువు మోస్తుంది. అందువల్ల పైకి కనిపించే రేకు ఎంత నలిగిందన్నది పెద్ద విషయం కాదు, దాని వెనుక ఇంజిన్‌ను, సస్పెన్షన్‌ను పట్టుకున్న భాగం కదిలిందా లేదా అన్నదే అసలు విషయం. స్టీరింగ్ తిన్నగా పెట్టి, ముందు చక్రం మధ్య నుంచి వెనుక చక్రం మధ్య వరకు రెండు వైపులా కొలవండి. కంపెనీ లెక్క 2175 మిల్లీమీటర్లు. అంకె కచ్చితంగా రాకపోయినా ఫరవాలేదు గానీ, ఎడమకు కుడికి తేడా సెంటీమీటరు దాటితే, చక్రాన్ని బాడీకి కలిపే కింది ఆర్మ్ గానీ, అది బిగిసే చోటు గానీ వెనక్కి జరిగినట్లే.

ఆ తరువాత సిమెంటు నేల మీద బండి నిలిపి, తాపీమేస్త్రీలు వాడే తూకపు గుండును బాడీ అడుగున రెండు వైపులా ఒకేలా ఉండే బోల్టుల నుంచి వేలాడదీసి, కింద సుద్దముక్కతో గుర్తులు పెట్టండి. ముందు రెండు, వెనుక రెండు. బండిని పక్కకు నెట్టి ఆ నాలుగు గుర్తుల మధ్య ఐమూలగా కొలిస్తే, రెండు కొలతలూ సమానంగా ఉండాలి. ఎడమ తలుపు సందు పైన ఒకలా కింద ఒకలా ఉన్నా, ఫెండర్ విప్పాక లోపలి ఏప్రన్ (ఇంజిన్ పక్కన గోడలా ఉండే రేకు) మీద రంగు గీతలుగా చిట్లి ఉన్నా అనుమానించవలసిందే. కొలతలు తేడా వస్తే, లాగి సరిచేసే పని మీది కాదు, జాకీ బెంచి ఉన్న టింకరింగ్ మేస్త్రిది. అయినా మీకు డబ్బు మిగులుతుంది. బంపర్, గ్రిల్, లైట్లు, ఫెండర్, బానెట్ మీరే విప్పి, బండిని తోలకుండా కట్టించి తీసుకెళ్తే మేస్త్రి లాగడానికి మాత్రమే కూలి తీసుకుంటాడు. షెడ్డు బిల్లులో విప్పడం, బిగించడం కొంచెం సొమ్ము కాదు.

కొలతలు సరిపోయాయనుకుందాం. ఫెండర్ బోల్టులతో బిగించినదే కనుక, రాత్రి తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే పొద్దునకు వదులుతాయి. అంతగా ముడుచుకున్న ఫెండర్‌ను సాపు చేసే బదులు విజయవాడ ఆటోనగర్‌లో పాత బండి నుంచి తీసినది వెతకడం మేలు. కొనేముందు లోపలి అంచును, చక్రం వంపు దగ్గర మడతను వేలితో తడిమి చూడండి, తుప్పు అక్కడే దాగి ఉంటుంది. పాత హెడ్‌లైట్ అయితే అద్దం మీద కాదు, లోపలి మెరుపు పూత మీద కన్నేయండి.

బానెట్ మాత్రం మీరు సరిచేయవచ్చు. దెబ్బ తగిలినప్పుడు చివర ఏర్పడిన సొట్ట ముందు, మొదట ఏర్పడినది చివర తీయాలి. సొట్ట లోతున బాదితే రేకు సాగి, ఆ తరువాత ఎంత కొట్టినా డబ్బాలా ఎగిరెగిరి పడుతుంది. కింద బరువైన ఇనుప దిమ్మను పల్లం దగ్గర గట్టిగా ఆనించి, పైన లేచిన గట్టును చదునైన సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేస్తూ దించాలి. కంటిని నమ్మవద్దు. పలుచని నూలుగుడ్డ పరచి, దాని మీద అరచేతిని పొడవునా జరిపితే కంటికి అందని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తాయి.

పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లకు మించి పెట్టవద్దు, మందంగా పెడితే కొన్నాళ్లకు పగుళ్లు వస్తాయి. హార్డెనర్ (గట్టిపరిచే మందు) కలిపాక నిమిషాల్లో గట్టిపడుతుంది, ఎండాకాలంలో మరీ తొందరగా. కాబట్టి ఒక అరచేతి మేరకు సరిపడా మాత్రమే కలపండి. ఈ పుట్టీ నీరు పీలుస్తుంది కనుక 80 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి 180, 320 వరకు పొడిగానే రుద్ది, ఆరోజే ప్రైమర్ కొట్టేయండి. ప్రైమర్ ఆరాక 600 నంబరు కాగితంతో నీళ్లు పెట్టి రుద్దవచ్చు. రంగుకు స్ప్రే డబ్బా చాలు. హార్డెనర్ కలిపే రంగులు ఇంట్లో కొట్టవద్దు, వాటి పొగకు ముక్కుకు కట్టుకున్న గుడ్డ అడ్డుకాదు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

రేడియేటర్‌లో పసుపు పోయమని ఎవరైనా చెబితే వినకండి. దారిలో ఆగిపోయినప్పుడు ఇల్లు చేరడానికి అది పనికొస్తుందేమో గానీ, సన్నని గొట్టాలు పూడుకుపోతాయి. రాగి రేడియేటర్ అయితే మాట్లు వేయించండి, అల్యూమినియంది అయితే మార్చండి. ఏసీ ఉంటే దాని పైపులు వదులు చేయవద్దు, లోపల గ్యాసు ఒత్తిడితో ఉంటుంది.

అడిగినవారి మరో సందేహం

చాలా కృతజ్ఞతలండీ. కొలిచాను, చక్రాల మధ్య తేడా లేదు, ఐమూలలు కూడా కలిశాయి. రేడియేటర్‌ను పట్టుకునే అడ్డపట్టీ ఒక్కటే వెనక్కి వంగి ఉంది. దానిని చెట్టుకు గొలుసు కట్టి లాగవచ్చా?

సమాధానం

కొలతలు కలిశాయి కాబట్టి ఆ పట్టీని లాగవచ్చు. అయితే బండి రివర్సు చేసి లాగే పద్ధతి వద్దు, కుదుపుకు మంచిగా ఉన్న భాగం కూడా వంగుతుంది. చైన్ పుల్లీ అద్దెకు తెచ్చి, రేడియేటర్ తీసేసి, చక్రాలకు దిమ్మలు వేసి, దెబ్బ వచ్చిన దిక్కుకు సరిగ్గా ఎదురు దిక్కుగా మెల్లగా లాగండి. వదిలితే ఇనుము కొంత వెనక్కి వస్తుంది, అందుకని రవ్వంత ఎక్కువ లాగాలి. గొలుసు మీద తడిపిన గోనెసంచి వేయండి, దాని వరుసలో మనిషి ఎవరూ నిలబడకూడదు, పిల్లలను అసలే రానివ్వవద్దు. స్టీరింగ్ రాడ్ గానీ, కింది ఆర్మ్ గానీ కొద్దిగా వంగినట్లు తోచినా వేడిచేసి తిన్నగా చేయించవద్దు. ఎవరెంత చవకగా చేస్తామన్నా సరే, కొత్తదే వేయండి.

మరొకరి సమాధానం

బీమా విషయం ఒక్కటి చేర్చుతాను. ఫుల్ బీమా ఉన్నా పదేళ్లు దాటిన బండికి ఇనుప భాగాల ధరలో సగం, ప్లాస్టిక్ భాగాల ధరలో సగం తరుగుదల కింద కోసేస్తారు, కాబట్టి తీసుకోలేదని బాధపడకండి. అన్నీ బిగించాక వీల్ అలైన్‌మెంట్ చేయించండి. కొత్త హెడ్‌లైట్‌ను సరిచేయడానికి, సమనేల మీద గోడకు ఎదురుగా బండి పెట్టి, కుడి లైటు లో బీమ్ ఎంత ఎత్తున పడుతుందో గీత గీసి, ఎడమదానిని ఆ గీతకు తెచ్చుకుంటే ఎదురొచ్చేవారి కళ్లలో కొట్టదు.