తోరోంగ్ లా దాటే ముందు రాత్రి ఎక్కడ ఆగాలి?

అందరికీ నమస్కారం. అక్టోబరులో నేనూ మా తమ్ముడూ నేపాల్‌లో అన్నపూర్ణ సర్క్యూట్ నడవబోతున్నాం. బేసీసహర్ నుంచి మనాంగ్ దాకా నాకు భయం లేదు, మనాంగ్‌లో ఎత్తుకు అలవాటు పడటానికి రెండు రాత్రులు ఆగుతాం. నా టెన్షన్ అంతా 5,416 మీటర్ల తోరోంగ్ లా కనుమ దాటే రోజు గురించే.

ముందు రాత్రి తోరోంగ్ ఫేదీలో పడుకోవాలా, పైనున్న హై క్యాంప్‌లోనా? ఫేదీ సుమారు 4,500 మీటర్లు. అక్కడైతే కాస్త నిద్ర పడుతుందేమో, కానీ తెల్లవారకముందే లేచి దాదాపు 900 మీటర్లు ఎక్కాలి. పొద్దెక్కితే కనుమ మీద గాలి బాగా ముదురుతుందంటున్నారు. హై క్యాంప్‌లో ఆగితే ఎక్కేది సగం తగ్గుతుంది, కానీ రాత్రంతా 4,900 దగ్గర గడపాలి. పోయినేడు హిమాచల్‌లో 4,200 దగ్గరే నాకు తలనొప్పి, వాంతులు. పాపం తమ్ముడు తెల్లవార్లూ నా పక్కనే కూర్చున్నాడు. ఈసారి అలా అనిపిస్తే మాత్రం వెంటనే కిందికి దిగిపోతాను.

కనుమ దాటాక ముక్తినాథ్ వరకు 1,600 మీటర్ల దిగుడు. నా కుడి మోకాలు అంతంత మాత్రం, వీపున 11 కిలోలు. ఆ ఒక్క రోజుకి పోర్టర్‌ను మనాంగ్‌లో మాట్లాడుకోవచ్చా?

అమ్మానాన్నలు జోమ్‌సోమ్ మీదుగా జీపులో ముక్తినాథ్ వస్తారు. అక్కడి 108 ధారల కింద అందరం కలిసి స్నానం చేయాలని అమ్మ కోరిక. వాళ్ళను ఏ తేదీకి రమ్మనాలి? మంచు పడితే ఎన్ని రోజులు అదనంగా పెట్టుకోవాలి? ఎత్తు పడకపోవడం రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్రల సంగతి డాక్టర్‌ను అడుగుతాను. మిగతావి ఆ దారిలో నడిచినవాళ్ళు దయచేసి చెప్పండి.