అప్‌డేట్: అక్క బయాప్సీ స్లైడ్లు మళ్లీ చూపించాం

అక్క గర్భాశయ ముఖద్వారం బయాప్సీలో ‘కొయిలోసైట్లు (హెచ్‌పీవీ అనే వైరస్ సోకి మారిన కణాలు), సీఐఎన్ 1 (పైపొర కణాల్లో తేలికపాటి తేడా)’ అని వచ్చిందని, క్యాన్సరేనా అని పోయిన నెల అడిగాను కదా. మీరన్నట్టే ల్యాబ్‌లో స్లైడ్లు, బయాప్సీ ముక్కను భద్రపరిచిన మైనం దిమ్మ అడిగి తీసుకుని తిరుపతిలోనే ఇంకో పాథాలజిస్టు మేడమ్‌కి చూపించాం.

ఆవిడ మైక్రోస్కోప్‌లో నన్నూ చూడమన్నారు. ‘కణంలో తెల్లటి ఖాళీ కనబడితే చాలదమ్మా, గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఉన్నా అలాగే ఉంటుంది. కేంద్రకం పెద్దదై, ఎండుద్రాక్షలా ముడతలు పడాలి’ అన్నారు. అక్కవి చిన్నగా, గుండ్రంగా ఉన్నాయి. హెచ్‌పీవీ మార్పులు కావని తేల్చారు. హెచ్‌పీవీ ప్రభావాన్ని సూచించే పీ16 అనే ప్రొటీన్ పరీక్ష కూడా నెగెటివే, కానీ సీఐఎన్ 1లోనూ అలా రావచ్చు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మలేదట. హెచ్‌పీవీ టెస్ట్ విడిగా చేయించమన్నారు, వచ్చే వారం వెళ్తున్నాం.

అక్క మాత్రం టెన్షన్‌లో అలిపిరి మెట్లెక్కుతానని అప్పుడే మొక్కేసుకుంది. తోడు నేనేనట!