బుడమేరు నీళ్లు తగ్గాయి, ఇంట్లో ముందు ఏ పని మొదలుపెట్టాలి?

మియాపూర్ నుంచి | సెప్టెంబరు 12, 2024

మా పిన్నివాళ్ల ఇల్లు విజయవాడ సింగ్ నగర్‌లో, గ్రౌండ్ ఫ్లోర్. బుడమేరు వాగు పొంగి, ఒకటో తారీఖు నుంచి ఇల్లు వరద నీళ్లలోనే ఉంది. గోడ మీద మరక నాలుగున్నర అడుగుల ఎత్తున ఉందట. ఇప్పుడు వీధిలో నీళ్లు పోయాయి, ఇంట్లో మాత్రం మడమలు మునిగేంత బురద మిగిలింది. పిన్ని, బాబాయి ఇద్దరూ అరవై దాటినవాళ్లు, ప్రస్తుతం చుట్టాల ఇంట్లో ఉన్నారు. ఆదివారం హైదరాబాద్ నుంచి నలుగురం వెళ్తున్నాం. ఉండగలిగేది ఒక్క రోజే కాబట్టి ఏ పని తర్వాత ఏ పని చేయాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ఇంట్లో ఇన్వర్టర్, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ మునిగాయి. వాకిట్లో సంపు ఉంది. స్కూటర్ అయిదారు రోజులు నీళ్లలోనే ఉంది. బీరువా కింది అరలో ఇంటి దస్తావేజులు ఉన్నాయి. పక్కింట్లో అద్దెకుండే కుటుంబం, ఎదురింట్లో ఒంటరిగా ఉండే మామ్మగారు ఉన్నారు. వాళ్లకీ ఏదో ఒకటి చేయాలని ఉంది. పాత బట్టలు పోగుచేస్తున్నాం, ఇంకా ఏం పట్టుకెళ్లమంటారు?

లైన్ టెస్టర్ | సెప్టెంబరు 12

బురద జోలికి వెళ్లే ముందే కరెంటు సంగతి తేల్చుకోండి. వీధిలో సప్లై ఇచ్చేశారా లేదా అన్నది 1912కి ఫోన్ చేసి అడగండి, లేకపోతే లైన్‌మన్‌ని అడగండి. మీటరు మునిగి ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, అది డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వాళ్ల పని. మెయిన్ స్విచ్ దగ్గరికి వెళ్లాలంటే నీళ్లలో నిలబడాల్సి వస్తుందనుకుంటే అసలు వెళ్లకండి. స్తంభం దగ్గరే ఇంటికి వచ్చే సర్వీసు వైరు తీసేయమని అడగండి.

ఎక్కువమంది మర్చిపోయేది ఇన్వర్టర్. మెయిన్ ఆఫ్ చేసినా, వీధిలో కరెంటు లేకపోయినా, బ్యాటరీలో ఛార్జింగ్ ఉంటే అది ఇంటి వైరింగులోకి 230 వోల్టులు పంపగలదు. తడిలో నిలబడకుండా, రబ్బరు గ్లోవ్స్, పొడి చెప్పులు వేసుకుని ముందు ఇన్వర్టర్ స్విచ్ ఆపండి. తర్వాత బ్యాటరీ మైనస్ కేబుల్ విప్పి దూరంగా కట్టేయండి. మేడ మీద సోలార్ ఉంటే దాని ఐసొలేటర్ (విడదీసే స్విచ్) కూడా ఆఫ్‌లో ఉండాలి.

మునిగిన ఎమ్‌సీబీలు (షార్ట్ అయితే కరెంటు ఆపేవి), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది) పారేయాల్సిందే. ఆరబెట్టాక పైకి బాగానే కనిపిస్తాయి, స్విచ్ కూడా టక్కుమని పడుతుంది. కానీ లోపల స్ప్రింగుకి ఒండ్రు పట్టి ఉంటే షార్ట్ అయిన రోజునో, లీకైన రోజునో ట్రిప్ కాకపోవచ్చు. అసలు అవి ఉన్నదే ఆ పనికి. స్విచ్చులు, సాకెట్లు కూడా మరక కంటే కింద ఉన్నవన్నీ మార్చండి. వైరు మార్చాలా వద్దా అన్నది ఎలక్ట్రీషియన్ మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూసి చెప్పాలి. పీవీసీ తొడుగు నీళ్లకు చెడిపోదు, చెడిపోయేవి టేపు చుట్టిన జాయింట్లు. గోడలోని పైపుల్లో వంపు ఉన్నచోట నీళ్లు రోజుల తరబడి నిలిచే ఉంటాయి. బోర్డు ప్లేట్లన్నీ విప్పి, బ్లోయర్‌తో గాలి కొట్టించి, రెండు మూడు రోజులు అలాగే వదిలేయండి. తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక్కో సర్క్యూట్ చూడాలి. 1 మెగా ఓమ్ కంటే తక్కువ చూపించిన దానికి సప్లై ఇవ్వకూడదు. అంటే ఆదివారం ఒక్కరోజులో ఇంట్లో లైటు వెలగదు. పిన్నిగారికి ఆ మాట ముందే చెప్పి ఉంచండి, తొందరపెట్టి ఎవరిచేతనో వేయించుకోకుండా ఉంటారు.

ఫ్రిజ్ కంప్రెసర్ సీలు చేసి ఉంటుంది, అది సాధారణంగా దక్కుతుంది. దాని పక్కనుండే రిలే (స్టార్ట్ చేసేది), ఓవర్‌లోడ్ (వేడెక్కితే ఆపేది) పోతాయి. అవి పెద్ద ఖరీదైనవి కావు. అసలు చిక్కు బాడీ రేకు వెనకున్న ఫోమ్‌తో వస్తుంది. మురికినీళ్లు తాగిన ఫోమ్ వాసన వదలదు. రిపేరుకు డబ్బు పెట్టే ముందు వెనక రేకు దగ్గర వాసన చూడండి. వాషింగ్ మెషీన్‌కి మోటారు విప్పి మంచినీళ్లతో కడిగి, ఎండబెట్టి, మెగ్గర్ చూశాకే కరెంటు ఇవ్వాలి. బోర్డు ఉన్న ఆటోమేటిక్ మెషీన్ అయితే ఆశ తక్కువ.

గుమ్మం ముందు ముగ్గు | సెప్టెంబరు 12

కరెంటు తర్వాత ఫొటోలు. చీపురు ముట్టుకోకముందే ప్రతి గది నాలుగు మూలల నుంచి తీయండి. గోడ మీద మరక పక్కన టేపు పట్టుకుని ఎత్తు కనిపించేలా ఒకటి, పాడైన ప్రతి వస్తువుకూ సీరియల్ నంబరు కనిపించేలా ఒకటి ఉండాలి. కడిగేశాక నష్టం చూపించమంటే చూపించడానికి ఏమీ మిగలదు.

ఇక బురద. ఇది పొలం ఒండ్రు ఒక్కటే కాదు, ఊళ్లోని డ్రైన్ల నీళ్లు, సెప్టిక్ ట్యాంకుల నీళ్లు కలిసినది. తడిగా ఉన్నప్పుడు పారతో, వైపర్‌తో వస్తుంది. ఎండితే గచ్చుకి సిమెంటులా పట్టేస్తుంది, పైగా దుమ్మయి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇప్పటికే గట్టిపడి ఉంటే ముందు నీళ్లు చల్లి అరగంట నాననివ్వండి. వెనక గదిలో మొదలుపెట్టి వీధి గుమ్మం వైపు లాక్కురండి. బాత్రూం తూములోకి తోయకండి, పైపు పూడిపోతే తవ్వి తీయడం ఇంకో వారం పని. తట్టలకెత్తి వీధిలో ఒకచోట పోయండి, కార్పొరేషన్ బండ్లు ఎత్తుతున్నాయి. అగ్నిమాపక శకటాలతో ఇళ్లు కడుగుతున్నారు. మీ వీధికి ఎప్పుడు వస్తాయో వార్డు సచివాలయంలో కనుక్కోండి. ఆ నీళ్ల ధార దొరికితే నలుగురు మనుషుల అరపూట పని మిగులుతుంది.

బ్లీచింగ్ పొడి అందరూ బురద మీదే చల్లేస్తున్నారు. దాని వల్ల లాభం లేదు. క్లోరిన్ శక్తంతా ఆ మురికితోనే అయిపోతుంది, కిందున్న క్రిములు అలాగే ఉంటాయి. ముందు బురద ఎత్తాలి, తర్వాత సబ్బు నీళ్లతో కడగాలి, చివర్న బ్లీచింగ్. 10 లీటర్ల బకెట్‌కి 200 గ్రాములు కలిపి, కాసేపు తేరనిచ్చి, పైన తేటనీళ్లు మాత్రం వాడండి. గచ్చు మీద, గోడల మీద మరక పైన అడుగు వరకూ కొట్టి, 20 నిమిషాలుంచి కడిగేయండి. ఇనుప బీరువాకి తగిలితే తుప్పు పడుతుంది, అక్కడ వెంటనే తుడిచేయండి.

పరుపులు, దిండ్లు, సోఫా, విప్పని ప్యాకెట్లో లేని బియ్యం, పప్పు అన్నీ పారేయడమే. బియ్యం ఎండబెట్టి వాడదామని పెద్దవాళ్లు అంటారు, ఒప్పుకోకండి. స్టీలు గిన్నెలు సబ్బుతో తోమి, మరిగే నీళ్లలో వేసి తీస్తే చాలు. గ్యాస్ బండ వాల్వులో బురద దూరి ఉండొచ్చు. రెగ్యులేటర్, ట్యూబు మార్పించి, గ్యాస్ ఏజెన్సీ మనిషి చూసేదాకా వెలిగించకండి. వాసన వస్తే 1906కి ఫోన్ చేయండి.

అందరూ మోకాళ్ల దాకా గమ్‌బూట్లు, మందపాటి గ్లోవ్స్ వేసుకోవాలి. చెప్పులతో దిగితే మేకులు, గాజుముక్కలు గుచ్చుకుంటాయి. కాళ్లకు పుండ్లు, పగుళ్లు ఉన్నవాళ్లు ఇంట్లోకి రాకండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, అది లోపలికి పోయే ముఖ్యమైన దారి ఆ పుండు. వెళ్లేముందే డాక్టరుని కలిసి డాక్సీసైక్లిన్ (యాంటీబయాటిక్) అవసరమా, ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకోవాలా అని అడగండి. తిరిగొచ్చాక రెండు మూడు వారాల లోపు జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే వరదలో పని చేశామన్న మాట డాక్టరుకి చెప్పడం మర్చిపోవద్దు. బీరువా కింద, గోనె సంచుల్లో చేయి పెట్టే ముందు కర్రతో తట్టండి, పాములు చేరి ఉంటాయి. కరిస్తే కట్టు బిగించడం, కోయడం వద్దు. ఆ కాలు కదల్చకుండా 108లో ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి.

పాత బస్తీ 87 | సెప్టెంబరు 12

సంపు సంగతి తేలిక. మోటారు పెట్టి ఖాళీ చేసి, లోపల యాసిడ్ పోసి, బ్లీచింగ్ వేసి రుద్దేస్తే అయిపోతుంది.

గుమ్మం ముందు ముగ్గు | సెప్టెంబరు 13

పై సలహా దయచేసి ఎవరూ పాటించకండి. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. సంపు లాంటి గుంటలో అది పైకి పోదు, దిగిన మనిషి మళ్లీ పైకి రాడు. బాత్రూంలో కూడా ఈ రెండూ ఒకేసారి వాడకూడదు. అసలు సంపులోకి ఒక్కరే దిగకూడదు. మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వాలి, నడుముకి తాడు కట్టుకోవాలి, పైన ఇద్దరుండాలి. డీజిల్ పంపు లోపల పెట్టి నడపడం ప్రాణాంతకం.

ఇంకొకటి, పూర్తిగా తోడేయడానికి తొందరపడకండి. నేల ఇంకా నీళ్లతో నిండి ఉంది. ఖాళీ సంపుని చుట్టూ ఉన్న నీరు కిందనుంచి పైకి తోస్తుంది. ప్లాస్టిక్ ట్యాంకు పాతిపెట్టినదైతే పైకి లేచిపోతుంది, ఇటుక కట్టుబడైతే అడుగు పగులుతుంది. సెప్టిక్ ట్యాంకుకీ ఇదే వర్తిస్తుంది. చుట్టుపక్కల గుంటల్లో నీటిమట్టం సంపు అడుగు కంటే కిందికి దిగేదాకా ఆగండి. అప్పటిదాకా డ్రమ్ముల్లో ట్యాంకరు నీళ్లు పట్టుకుంటే గడుస్తుంది.

మియాపూర్ నుంచి | సెప్టెంబరు 13

చాలా థాంక్సండి. నీటిమట్టం దిగేదాకా ఆగాక సంపులో బ్లీచింగ్ ఎంత వేయాలి? సంపు 8 అడుగుల పొడవు, 6 వెడల్పు, 5 లోతు.

గుమ్మం ముందు ముగ్గు | సెప్టెంబరు 13

మూడూ గుణిస్తే 240 ఘనపు అడుగులు. ఘనపు అడుగుకి 28 లీటర్ల చొప్పున సుమారు 6,700 లీటర్లు. బురద తోడి, గోడలు బ్రష్‌తో రుద్ది కడిగాక నిండా మంచినీళ్లు నింపి, వెయ్యి లీటర్లకు 200 గ్రాముల లెక్కన కిలోన్నరకి కాస్త తక్కువ పొడి బకెట్లో కలిపి, ఆ తేట పోయండి. మోటారు వేసి ఆ నీళ్లు మేడ మీది ట్యాంకులోకి, ప్రతి కుళాయిలోకి క్లోరిన్ వాసన వచ్చేదాకా వదలండి. 12 గంటలుంచి అంతా పారబోసి మళ్లీ నింపండి. తర్వాత కూడా కొన్ని వారాలు తాగే నీళ్లు కాచుకునే తాగాలి. పొడి కొత్త ప్యాకెట్టే కొనండి, మూత తీసి నిలవున్నదానిలో క్లోరిన్ తగ్గిపోతుంది. ఆర్‌ఓ మునిగితే ఫిల్టర్లు, మెంబ్రేన్ మార్చాల్సిందే.

ఆటోనగర్ షెడ్డు | సెప్టెంబరు 13

స్కూటర్ గురించి. సెల్ఫ్ నొక్కొద్దు, కిక్ కొట్టొద్దు, తాళం కూడా తిప్పొద్దు. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ పైకి వచ్చేటప్పుడు అవి నలగవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వేలల్లో తేలే పని అప్పుడు ఇంజను మొత్తం విప్పే పనవుతుంది. ఇన్సూరెన్స్ సర్వేయరు కూడా మునిగాక స్టార్ట్ చేశారని కనిపెడితే ఇంజను నష్టం మీరే చేసుకున్నారంటారు. పాలసీ తీసి చూడండి. థర్డ్ పార్టీ ఒక్కటే అయితే వరదకు ఏమీ రాదు. కాంప్రహెన్సివ్ అయితే ఉన్నచోటే ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకున్నాకే బండి కదిలించాలి.

క్లెయిమ్ లేకపోతే వరస ఇది. బ్యాటరీ మైనస్ విప్పాలి. స్పార్క్ ప్లగ్ తీసి, ఆ కన్నం కిందికి వచ్చేలా బండి వంచి, మెల్లగా కిక్ తిప్పితే నీళ్లు బయటికొస్తాయి. ఇంజను ఆయిల్ వదిలితే పాలు కలిపిన టీ రంగులో వస్తుంది. చవక ఆయిల్ పోసి అయిదు నిమిషాలు నడిపి మళ్లీ వదలాలి, రంగు మారేదాకా రెండు మూడుసార్లు చేయాలి. పెట్రోలు ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి, అదీ పూర్తిగా ఖాళీ చేయాలి. ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేయాలి. స్కూటర్లకు బెల్టు ఉండే కేసులోనూ బురద ఉంటుంది, విప్పి కడగకపోతే బెల్టు త్వరగా పాడవుతుంది. బ్రేకు డ్రమ్ములు శుభ్రం చేయకుండా రోడ్డెక్కకండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే ఇంట్లో చేయకండి, షోరూముకి తోయించండి.

దస్తావేజు | సెప్టెంబరు 13

తడిసిన కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే పీకకండి, అక్షరాలు పక్క కాగితానికి ఊడి వస్తాయి. కట్టని కట్టగానే మంచినీళ్లలో ముంచి బురద వదలగొట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పనిచేసే ఫ్రిజ్ ఉన్నవాళ్ల ఇంట్లో డీప్ ఫ్రీజర్‌లో పెట్టించండి. బూజు ఆగుతుంది, తర్వాత తీరిగ్గా ఒక్కోటి విడదీసి, మధ్యలో అచ్చులేని తెల్లకాగితం పెట్టి నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టొచ్చు. ఎండలో పెడితే కాగితం ముడతపడి విరుగుతుంది. దస్తావేజు పూర్తిగా పోయినా కంగారుపడొద్దు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో నంబరు, సంవత్సరం ఇస్తే సర్టిఫైడ్ కాపీ ఇస్తారు. నంబరు తెలియకపోతే ముందు ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే అందులో కనిపిస్తుంది. తడిసిన నోట్లు బ్యాంకులో మారుస్తారు.

పాత బట్టలు దయచేసి తీసుకెళ్లకండి. ఆరేసుకోవడానికి చోటు లేని ఇళ్లలో అవి ఇంకో కుప్ప అవుతాయి. ఆ డబ్బుతో కొత్త లోదుస్తులు, నైటీలు, లుంగీలు, తువ్వాళ్లు, శానిటరీ ప్యాడ్లు, దోమతెరలు కొనండి. పారలు రెండు, వైపర్లు మూడు, తట్టలు, బకెట్లు, ఛార్జింగ్ లైట్లు, పవర్ బ్యాంకులు ఉండాలి. సాయంత్రం అవి అక్కడే వదిలేసి రండి, మరునాడు వీధి మొత్తానికీ పనికొస్తాయి. అన్నం పొట్లాలు మెయిన్ రోడ్డు మీద చాలా దొరుకుతాయి, లోపలి సందులకు చేరవు. తెస్తే చివరి సందు దాకా మోయండి.

మామ్మగారి ఇంటికి నలుగురిలో ఇద్దరు పొద్దున్నే వెళ్లండి, సాయంత్రానికి ఓపికుండదు. ఏం పారేయాలో ఆవిడనే అడిగి తీయండి. బీపీ, షుగరు మందుల చీటీ ఫొటో తీసుకుని నెలకు సరిపడా కొనిచ్చి రండి. ఇన్సులిన్ వాడుతుంటే మునిగిన సీసా పారేసి, కొత్తది తడిపిన మట్టికుండలో పెట్టమనండి, పక్కింటివాళ్లకు కూడా చెప్పి ఉంచండి.

దస్తావేజు | సెప్టెంబరు 18

గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇళ్లకు 25 వేలు, పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకు 10 వేలు సాయంగా ప్రభుత్వం ప్రకటించింది కాబట్టి ఇదొకటి రాస్తున్నాను. ఎన్యూమరేషన్‌కి (ఇంటింటి నష్టం లెక్కకి) వచ్చినప్పుడు తాళం ఉన్న ఇళ్లు జాబితాలో తప్పిపోవచ్చు. బాబాయిగారు చుట్టాలింట్లోనే ఉంటే వార్డు సచివాలయంలో పేరు ఉందో లేదో స్వయంగా చూసుకోవాలి. లేకపోతే ఆధార్, బ్యాంకు పాసుబుక్కు, కరెంటు బిల్లు, ముందు తీసిన ఫొటోలతో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. పక్కింటి అద్దెవాళ్లకు ఇది మరీ ముఖ్యం. సామాను పోయింది వాళ్లది, కరెంటు బిల్లు మాత్రం ఓనరు పేరు మీద ఉంటుంది. అద్దె కాగితం లేకపోతే గ్యాస్ బుక్కు, పిల్లల స్కూలు ఫీజు రసీదు, ఆ చిరునామాకి వచ్చిన ఏ ఉత్తరమైనా జతచేయమనండి. బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు అయి ఉందో లేదో ఇప్పుడే చూసుకోమనండి. ఓనరుతో ఒక్కసారి బాబాయిగారు మాట్లాడి, వీళ్లు ఇక్కడే ఉంటున్నారని రాసి సంతకం చేయించి ఇస్తే వాళ్లకు చాలా తిరుగుడు తప్పుతుంది.