బడిలో మనశ్శాంతి హెచ్ఎం (ప్రధానోపాధ్యాయుల) చేతిలో ఉందా, పై ఆదేశాల్లో ఉందా?

ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్), ప్రకాశం జిల్లా:
మా స్టాఫ్‌రూంలో తెగని వాదన ఇది. హెచ్ఎం మంచివారైతే ఉద్యోగం హాయిగా సాగిపోతుందని కొందరు. ఎవరున్నా ఒకటే, అంతా పైనుంచి వచ్చేదే అని మిగతావాళ్లు. మీరేమంటారు?

గణితం టీచర్, కర్నూలు జిల్లా:
పైనుంచి వచ్చేదే. ఏపీలో 2022లో ముఖ గుర్తింపు హాజరు యాప్ తెచ్చారు. సిగ్నల్ అందని ఊళ్లో పొద్దున్నే ఫోన్ ఎత్తి పట్టుకుని నిలబడ్డ టీచర్‌కు ఏ హెచ్ఎం ఏం చేయగలరు? మధ్యాహ్న భోజనం ఫొటోలు సరేసరి, అప్పట్లో మరుగుదొడ్ల ఫొటోలు కూడా తీయించారు. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప బోధనేతర పనులకు టీచర్లను వాడకూడదని 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్‌లో ఉంది. దాన్ని అమలు చేయించడం హెచ్ఎం వల్ల అయ్యే పనా?

తెలుగు టీచర్, నల్గొండ జిల్లా:
సార్, యాప్‌ల సంగతి నిజమే. కానీ నేను ఒకే బడిలో ఇద్దరు హెచ్ఎంల దగ్గర పనిచేశాను. అవే యాప్‌లు, అదే స్టాఫ్. మొదటాయన హయాంలో ఎవరు సెలవు పెట్టినా వాళ్ల పిరియడ్లు ఎదురు చెప్పని ఇద్దరు ముగ్గురి నెత్తినే పడేవి. మాకు లీజర్ (ఖాళీ పిరియడ్) అన్నదే ఉండేది కాదు. సీఎల్ (క్యాజువల్ లీవ్) అడగాలంటే ముందురోజు నుంచే టెన్షన్. నోట్సులు దిద్దలేదని పిల్లల ముందే కేకలేసేవారు. ఆ తర్వాత పిల్లలు మన మాట వింటారా?

తర్వాత వచ్చిన మేడం స్టాఫ్‌రూంలో ఒక నోటుబుక్కు పెట్టించారు. ఎవరి లీజర్ ఎప్పుడు పోయిందో అందులో రాయాలి, మళ్లీసారి వేరేవాళ్ల వంతు. ఆన్‌లైన్ ఎంట్రీలు కూడా వంతులవారీగానే. పాఠంలో లోపం కనిపిస్తే గదిలోకి పిలిచి చెప్పేవారు. పని తగ్గలేదు సార్, పక్షపాతం పోయింది. మనిషిని ఎక్కువ కుంగదీసేది అదే.

గెజిటెడ్ హెచ్ఎం, తెలంగాణ:
మేడం చెప్పినట్టు చేయాలంటే హెచ్ఎం బడిలో ఉండాలి కదా! ఎంఈఓ (మండల విద్యాధికారి) ఇన్‌ఛార్జి బాధ్యతలు కూడా మాలాంటివాళ్ల మీదే పెడుతున్నారు. మండలమంతా తిరుగుతూ మా బడి స్టాఫ్‌రూంలో కూర్చునేదెప్పుడు?

తెలుగు టీచర్, నల్గొండ జిల్లా:
అది న్యాయమైన మాట సార్. ఆ పోస్టులు విడిగా నింపాలని మనం గట్టిగా అడగాల్సిందే. కానీ నోటుబుక్కుకు జీవో అక్కర్లేదు, సీనియర్ టీచర్‌కు అప్పగించినా నడుస్తుంది. మీరు లేని రోజున మీ బడిలో పిరియడ్లు ఎవరు పంచుతున్నారు, ఏ లెక్కన పంచుతున్నారు? అది చెప్పండి సార్.